రెండు ఫిల్ములు

"ఇది వానిది. ఇది ఆ యమ్మది. ఏమన్నా తేడా ఉంటే చూపీ, నేను రేపే అంగడి మూసేసుకుంటా," అంటూ అనంతయ్య కొడుకుదీ కోడలిదీ తల స్కాన్ తీసిన రెండు నల్లటి ఫిల్ములనూ తూర్పు కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

ప్రమీలమ్మ మెడ సాచి చూసింది. నిన్న కొడుకూ కోడలూ పండుకునే పరుపు దులుపుతుంటే ఆమె చేతికే దొరికింది ఆ కవరు. అప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ అన్నం సరిగా దిగలేదు.

"నాకేం తెలుస్తాది? రెండూ క్యాబేజీగడ్డను అడ్డంగా కోసినట్టుండాయి," అంది.

"అదే నేను చెప్పేది. నీకు తెలీదు, నాకు తెలీదు. తెలిసినోళ్ళు కింద రాసిచ్చినారు. నార్మల్. వాని కాగితంలో అదే మాట, ఆ యమ్మ కాగితంలో అదే మాట. నాకు ఇంగ్లీషు రాకపోయినా ఆ మాట వచ్చు."

స్నానం చేసి భుజాన తువ్వాలుతో వచ్చిన మురళి వాకిలి దగ్గరే ఆగిపోయాడు. కవరును పరుపు కింద పెట్టిన తన తెలివికి తనను తనే తిట్టుకున్నాడు. ఇంట్లో దాచడానికి ఇంకెక్కడా చోటు లేనట్టు, రోజూ అమ్మ చెయ్యి పడే చోటే దొరికింది అతనికి.

"నాయనా, అది అట్ల చూసేది కాదు."

"ఎట్ల చూసేదో నువ్వు చెప్పు, వింటా."

స్కాన్ తీసినవాళ్ళు ఇచ్చారు, మురళి తెచ్చాడు, అంతే. దాన్ని ఎట్లా చదవాలో అతనికీ తెలియదు.

"చూడూ," అనంతయ్య గొంతు తగ్గించాడు. గిరాకీకి సరుకు గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు అట్లాగే తగ్గుతుంది. "నువ్వు బాగుండావు. అంగడి చూసుకుంటాండావు, తింటాండావు, తిరుగుతాండావు. నీ తల ఎట్లుండాదో ఆ యమ్మ తలా అట్లే ఉండాదని వాళ్ళే రాసిచ్చినారు. ఇంగ రోగం యాడుండాదిరా?"

వంటింటి గడప దగ్గర కోడలు శ్రీదేవి చింతపండు ముందేసుకుని కూర్చుంది. గింజ తీసి ఒక పక్క, పండు ఒక పక్క వేయాలి. ఆమె రెండూ ఒకే చాటలో వేస్తోంది. అది మురళి చూశాడు, ప్రమీలమ్మ కూడా చూసింది.

"నాలుగు నెలలాయ," అంది ప్రమీలమ్మ. కోపమో ఏడుపో తెలియని గొంతు. "వాకిట్లో రెండు చుక్కలు పెట్టమంటే ముగ్గుబుట్ట పట్టుకొని అట్లే నిలబడతాది. ఆ పొద్దు స్కాన్‌కు ఇనుమూ బంగారూ ఉండకూడదంటే పుస్తెలు తీపిచ్చి, నేనే నా చేత్తో పసుపుకొమ్ము కట్టి ఆ బోరింగు గొట్టం మాదిరి మిషను లోపలికి పంపిస్తి. ఏదో ఒకటి బయటపడితే మందిస్తారు, పిల్ల లేచి తిరుగుతాదని కట్టితి. ఏం లేదనిపిచ్చుకొని వచ్చేదానికా కట్టింది?"

ఆమె బాధ అది. జబ్బు ఉందంటే దేవుడికి మొక్కుకునేది, పత్యం వండి పెట్టేది. లేదంటే ఆమె ఏం చేయాలి?

"రేపు బుధవారం కర్నూలు పోయేది లేదు," అన్నాడు అనంతయ్య ఫిల్ములు కవర్లో పెడుతూ. "కమలాపురానికి ఫోన్ చేసినా. ప్రదీప్‌కుమార్ ఈ పొద్దే వస్తాడు. చెల్లెల్ని తీసకపోతాడు. ఆ నటన ఏదో వాళ్ళమ్మ ముందర చేసుకోమను."

చాటలో శ్రీదేవి వేళ్ళు ఆగాయి. ఆమె తల ఎత్తలేదు. కాసేపటికి వేళ్ళు మళ్ళీ కదిలాయి, ఇంకా నెమ్మదిగా.

మురళికి నోరు లేదా అంటే ఉంది. అంగట్లో ఒక కుక్కర్ గురించి అరగంట మాట్లాడగలడు. దాని విజిల్ గురించి ఇంకో పావుగంట. పెళ్ళాంది నటన అన్నప్పుడు మాత్రం తువ్వాలు భుజం మార్చుకుని గదిలోకి పోయాడు.

*

ఎనిమిది బుధవారాల్లో మూడే అయ్యాయి.

దిగులు జబ్బు మొదట్లో ఉన్నప్పుడే మెదడులో ఏమైనా గుర్తు కనిపిస్తుందా అని కర్నూలులో ఒక పరిశోధన జరుగుతోంది. జబ్బు మొదలైనవాళ్ళు అరవైమంది, బాగున్నవాళ్ళు అరవైమంది. అందరికీ స్కాన్. జబ్బువాళ్ళకు ఎనిమిది బుధవారాలు కూర్చోబెట్టి మాట్లాడే వైద్యం, ఆ తర్వాత ఇంకో స్కాన్. బాగున్నవాళ్ళు జబ్బువాళ్ళ ఇంటివాళ్ళే, అదే వయసువాళ్ళు అయితే మంచిదన్నారు. అట్లా శ్రీదేవి ఆ పక్క చేరింది, మురళి ఈ పక్క చేరాడు.

మొదటి బుధవారం నాటికి శ్రీదేవి మాట్లాడటమే మానేసింది. అంతకుముందు ఒకరోజు చీర మడత పెడుతూ, "నాకు రేపు అనేది రాకుంటే బాగుండనిపిస్తాంది," అంది. ఎవరి మీదా కోపం లేకుండా, ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా అంది. ఆ మాట మురళి తప్ప ఎవరూ వినలేదు. ఆ రోజు నుంచీ అతనికి ఒకటే భయం.

మూడో బుధవారం తిరిగి వస్తుంటే బేతంచెర్ల బస్టాండులో ఆమె కిటికీలోంచి చూసి, "ఆకలైతాంది," అంది. మురళి బస్సు దిగి పరిగెత్తి మామిడిపండ్లు కొన్నాడు. సొంత ఊళ్ళో బండ్లకు బండ్లు పండ్లుండగా పొరుగూళ్ళో కొన్న మొదటి బనగానపల్లె మనిషి అతనే అయ్యుంటాడు. ఆమె రెండు తినింది. నాలుగు నెలల్లో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

ఇప్పుడు అది ఆగిపోతే ఆమె మళ్ళీ ఆ చీర మడత దగ్గరికే పోతుంది. కమలాపురంలో ఆ మాట వినడానికి పక్కన ఎవరుంటారు?

*

పెండ్లిళ్ళ కాలం. ఎండాకాలపు పొద్దు తొమ్మిదికే బజారు కాలుతోంది. పాత్రల అంగట్లో పెద్ద ఈరన్న అనే ఆసామి కూతురి పెండ్లికి సామాన్లు చూస్తున్నాడు.

అనంతయ్య ఒక కంచు చెంబును అంచు పట్టుకుని రెండు వేళ్ళతో గాల్లోకి లేపి, ఇంకో చేతి వేలు మడిచి ఒక్కసారి కొట్టాడు. శబ్దం సాగి, సన్నబడి, చాలాసేపటికి గాని ఆగలేదు.

"చూస్తివా ఈరన్నా, ఎంతసేపు పాడిందో? లోపల ఎంట్రుకంత పగులున్నా ఇట్ల పలకదు. టక్కుమంటాది, అంతే."

"నువ్వు చెప్పినాక ఇంగేముండాది శెట్టీ. కట్టు. మాయమ్మ పేరు చెక్కీ దాని మీద. గిడ్డమ్మ."

బజారులో కంపెనీ ముద్ర కంటే అనంతయ్య వేలికే విలువ ఎక్కువ. ఆయన కొట్టి చూసి బాగుందన్నది బాగున్నట్టే, పక్కన పెట్టింది చెడినట్టే. నలభై ఏళ్ళుగా ఆ మాటకు తిరుగులేదు. అందుకేనేమో ఇంట్లో కూడా ఆయన ఒకసారి చూసి చెప్పాక ఇంకెవరూ మాట్లాడరు.

పేర్లు చెక్కే పని మురళిది. చెంబును ఒళ్ళో పెట్టుకుని మిషను పెన్ను ఆనించాడు. 'గి' చెక్కాడు. తర్వాత చెయ్యి కదలలేదు. పెన్ను ఒకేచోట గీపెడుతూ ఉండిపోయింది. తర్వాతి అక్షరం ఏమిటో తెలుసు, ఎట్లా రాయాలో తెలుసు. ఎందుకు రాయాలన్నదే తోచలేదు.

"ఏమిరా, ఏమాయ?" అనంతయ్య గట్టిగా అన్నాడు.

"వేడెక్కింది నాయనా, మిషను."

"మీవోడు కండ్లు తెరిచి నిద్రపోతాండాడే శెట్టీ," అని పెద్ద ఈరన్న నవ్వాడు.

అనంతయ్య నవ్వలేదు. కొడుకు వంక ఒక చూపు చూసి వెంటనే పక్కకు తిప్పుకున్నాడు. ఆ చూపు మురళికి బాగా తెలుసు. ఐదేళ్ళ కిందట అహోబిలంలో చూశాడు దాన్ని.

అప్పుడు పెండ్లి కాలేదు. ఏ కారణమూ లేకుండా మురళి తినడం మానేశాడు. అంగట్లో కూర్చుంటే గిరాకీ మాటలు దూరంగా ఎక్కడో వినిపించేవి. ఊళ్ళో నలుగురూ అడగడం మొదలుపెట్టేసరికి తండ్రి అతన్ని అహోబిలం తీసుకుపోయి సత్రంలో నలభై రోజులు పెట్టుకున్నాడు. మురళి గోడకు ఆనుకుని కూర్చుంటే అనంతయ్యే అన్నం కలిపి నోట్లో పెట్టేవాడు. ఒక్క మాట అనలేదు, ఒక్కసారి విసుక్కోలేదు. తిరిగొచ్చాక బజారుకు మాత్రం, "నరసింహస్వామికి మొక్కుంటే తీర్చుకొని వస్తిమి," అని చెప్పాడు. ఆ మాట నంద్యాల దాకా పోయింది, కమలాపురం దాకా కూడా పోయింది.

ఈ ఉగాది దాటినప్పటి నుంచి అది మళ్ళీ వచ్చింది. కోడి కూయకముందే మెలకువ. గుండెల మీద ఎవరో కూర్చున్న బరువు. పక్కన శ్రీదేవి కూడా కళ్ళు తెరుచుకునే ఉండేది. ఇద్దరూ కదలకుండా, ఒకరికొకరు తెలియకుండా పైకప్పు చూస్తూ పడుకునేవాళ్ళు. కాదు, ఆమెకే తెలియదు. అతనికి తెలుసు.

మురళి ఒక్క ఊపున పెన్ను ఆపి లేచాడు.

"నంద్యాల పోయొస్తా నాయనా. కుక్కర్ల పార్సిలు వచ్చిందంట, విడిపిచ్చుకొస్తా."

"ఈ గిరాకీలోనా?"

"సాయంత్రానికి వస్తా."

ఈరన్న తల్లి పేరు చెంబు మీద ఒక్క అక్షరంతోనే మిగిలింది. మురళి బస్టాండుకు పోయి కర్నూలు బస్సెక్కాడు.

*

కర్నూలులో ఆ పరిశోధన చేసే డాక్టర్ గాబ్రియేలు నంద్యాల మనిషి. బెంగళూరులో చదివి, చదివిందంతా నంద్యాల తెలుగులోనే చెప్పే మనిషి. మురళి పోయేసరికి టిఫిన్ క్యారియర్ విప్పుకుని పెరుగన్నం తింటున్నాడు. ఆ క్యారియర్ కొక్కెం వదులైంది, ఇంకో నెలకు ఊడిపోతుంది. చూసిన వెంటనే తెలిసిపోయింది మురళికి.

"రాప్పా, కూచో. శ్రీదేవి రాలేదా? ఈ పొద్దు మంగళవారమే గదా."

"సార్, నాకొక కాగితం రాసీండి," అన్నాడు మురళి నిలబడే. "రెండు ఫిల్ములకూ తేడా ఉండాదని."

"లేని తేడా ఎట్ల రాసేది?"

"లేదా సార్?"

"ఆ ఫిల్ముల్లో లేదు." డాక్టరు చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "అది చూసి గడ్డుంటే చెప్తాం, నెత్తురు గడ్డకట్టింటే చెప్తాం. దిగులు అట్ల కనపడేది కాదు. మీకు లోపల బొమ్మలు చూపిచ్చినాం గదా, నవ్వే మొగాలు, ఏడ్చే మొగాలు? అప్పుడు తల లోపల ఏ చోటు ఎంత పని చేస్తాందో మిషను పట్టుకుంటాది. అరవైమందివీ అరవైమందివీ ఒకచోట చేర్చి చూస్తే రవ్వంత గుర్తు దొరకొచ్చు. దొరక్కపోవచ్చు గూడా. అంతేగానీ ఒక్క మనిషి ఫిల్మ్ చేతికిచ్చి దిగులుందా లేదా అంటే, చెప్పే మొనగాడు ఇంగా పుట్టలేదు."

"మా నాయన చెప్పినాడు సార్. కిటికీ కాడ పెట్టి చూసి."

గాబ్రియేలు నవ్వబోయి, మురళి ముఖం చూసి ఆగాడు. జరిగిందంతా విన్నాడు. నటన అన్న మాట దగ్గర కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీది పాత్రల అంగడి గదా? పగులున్న చెంబును ఫోటో తీసి ఇస్తే మీ నాయన పట్టుకుంటాడా?"

"లేదు సార్. మోగిచ్చి చూడాల."

"మరి మనిషిని మోగిచ్చేదంటే మాట్లాడిచ్చేదే. ఆ పనే మేం బుధవారం బుధవారం చేస్తాండేది. మిషనుకు ఏం తెలుసు, ఎవరు బాగుండారో ఎవరు లేరో? మేం చెప్తాం దానికి. మాకు మీరు చెప్తారు. మొదటిరోజు ఇరవై ఒక్క ప్రశ్నల కాగితం ఇచ్చినాం, గుర్తుందా? అదే మూలం. శ్రీదేవి ఉన్నదున్నట్టు రాసింది, ఆ పక్క పెట్టినాం. నువ్వు అన్నిటికీ సున్నా పెట్టినావు, ఈ పక్క పెట్టినాం."

మురళి గోడ మీద క్యాలెండరు చూశాడు.

ఆ కాగితం బాగా గుర్తుంది. నిద్ర చెడుతోందా? ఆకలి తగ్గిందా? ఏ పని మీదా మనసు పోవడం లేదా? బాగున్న మనిషి కావాలన్నారు. తను బాగాలేనంటే శ్రీదేవిని కూడా తీసుకోరేమో అనుకున్నాడు. నిజానికి వాళ్ళట్లా అనలేదు, తనే అనుకున్నాడు. అసలు సంగతి అదొక్కటే కూడా కాదు. పక్క కుర్చీలో పెళ్ళాం అదే కాగితం నింపుతూ కూర్చుంది. ఆమె చూస్తుండగా అట్లా రాయడానికి సిగ్గేసింది.

మిషను లోపల కూడా అంతే. నవ్వే ముఖాలు ఒకటి వెంట ఒకటి వచ్చాయి. పిల్లలు, ముసలివాళ్ళు, పెండ్లికూతుళ్ళు. ఒక్కరిని చూసినా అతనికి ఏమీ అనిపించలేదు. చెప్పినట్టు బటన్ మాత్రం నొక్కాడు.

"అన్నిటికీ సున్నా పెట్టినోడు ఈడ నువ్వొక్కడివే మురళీ," అన్నాడు గాబ్రియేలు నెమ్మదిగా. "బాగుండేవాళ్ళు గూడా ఒకటో రెండో పెడతారు. నీకు ఒక్క రాత్రి గూడా నిద్ర చెడలేదా అప్పా?"

"అంగడి పని సార్. పండుకుంటే తెల్లారేదాకా తెలీదు."

ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం! నేర్చుకున్న మాటలా వచ్చింది.

డాక్టరు ఇంకేమీ అడగలేదు. ఉత్తరం రాసి, మడిచి, చేతికిచ్చాడు. "ఎవరైనా వచ్చి ఆ కాగితం తప్పు రాసినాం, మార్చి రాస్తామంటే మేం కాదనం. ఎవరికీ చెప్పేది గూడా లేదు. ఫిల్మ్ అదే ఉంటాది, దాన్ని పెట్టే పక్కే మారతాది. పోయి రా. రేపు పదకొండుకు శ్రీదేవిని పిలుచుకొని రా."

తిరుగు బస్సులో మురళి ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు జేబులోంచి తీసి నాలుగుసార్లు లోపల పెట్టాడు. బేతంచెర్ల దగ్గర నాపరాళ్ళ దుమ్ము కిటికీలోంచి వచ్చి కళ్ళల్లో పడింది. తుడుచుకోబుద్ధి కాలేదు.

*

ఇంటి వాకిట్లో తెలియని చెప్పులు ఉన్నాయి.

ప్రదీప్‌కుమార్ కుర్చీ అంచున కూర్చుని కాఫీ లోటా చేతిలో పట్టుకుని ఉన్నాడు. కమలాపురంలో ఎరువుల అంగడి నడిపే మనిషి, నలుగురిలో గట్టిగా మాట్లాడేవాడు. ఇవాళ చెల్లెలి అత్తగారింట్లో తప్పు చేసినవాడిలా కూర్చున్నాడు. గుమ్మం పక్కన శ్రీదేవి బట్టల సంచి ఉంది. శ్రీదేవి దాని పక్కనే గోడకు ఆనుకుని నిలబడింది.

పొద్దున తూర్పు కిటికీ, ఇప్పుడు పడమటి కిటికీ. అనంతయ్య మళ్ళీ రెండు ఫిల్ములూ ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

"నువ్వు చదువుకున్నోనివి ప్రదీపూ. నువ్వే చూసి చెప్పు."

"నాకూ ఒకటే మాదిరి కనపడతాండాయి మామా," అన్నాడు ప్రదీప్‌కుమార్ నేల చూస్తూ.

"నాయనా," మురళి లోపలికి వచ్చి ఉత్తరం శ్రీదేవి అన్న చేతిలో పెట్టాడు. "చదువు బావా. గట్టిగా చదువు."

ప్రదీప్‌కుమార్ ఒక్కొక్క వరుసా తెలుగు చేసుకుంటూ చదివాడు. ఫిల్ము బాగుందంటే జబ్బు లేదని కాదు. మాట్లాడే వైద్యం మధ్యలో ఆపకూడదు. ఆపితే ఎక్కువయ్యే ప్రమాదముంది.

"ఇది యాడిది?" అన్నాడు అనంతయ్య. "కుక్కర్లు విడిపిస్తానని పోయి కర్నూలు పోయినావా? నాకు అబద్ధం చెప్పి?"

"పోయినా."

"వాళ్ళు ఇట్ల గాక ఎట్ల రాస్తారురా? పరిశోధనంట. మనుషులు కావాల వాళ్ళకు. ఒకరు తగ్గితే వాళ్ళ లెక్క చెడతాది, అందుకే రాసినారు."

"ఫోటో చూసి కంచు చెంబు కొంటావా నాయనా? మోగిచ్చి చూడకుండా ఎవరికన్నా కట్టిచ్చినావా ఎప్పుడన్నా?"

అనంతయ్య చెయ్యి ఒక్క క్షణం తగ్గింది. కొడుకు ఎదురు మాట్లాడటం ఆయనకు కొత్త. తన పనితోనే తనను నిలదీయడం ఇంకా కొత్త.

"మనిషి చెంబు కాదురా," అన్నాడు చివరికి. "మనిషిని యాడ కొట్టి చూసేది?"

వంటింట్లో ప్రమీలమ్మ పొయ్యి మీద పాలు చూసుకుంటున్నట్టు నిలబడింది. పాలు ఎప్పుడో దించేసింది.

"మామా," అంది శ్రీదేవి.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె గొంతు విని ఎన్నాళ్ళో అయింది. గొంతులో జీర ఉంది.

"ఆ రెండిట్లో నాది ఏది?"

అనంతయ్య ఒకసారి కుడి చేతి వంక, ఒకసారి ఎడమ చేతి వంక చూశాడు. పొద్దున్నించి ఎన్నిసార్లు తీసి ఎన్నిసార్లు పెట్టాడో, ఏది ఏదో ఆయనకు తెలియలేదు. మూల ఉన్న చిన్న అక్షరాలు ఆయన కంటికి ఆనలేదు.

"ఏదైతే ఏందమ్మా?" అన్నాడు. ఆ మాటతో ఆయనకు మళ్ళీ ధైర్యం వచ్చింది. "అదే గదా నేను పొద్దున్నించి మొత్తుకుంటాండేది. నీదేదో వానిదేదో తెలీనంతగా ఒకటే మాదిరి ఉండాయి. వాడు బాగుండాడు. నువ్వూ బాగుండావు. బాగుండి ఎందుకమ్మా ఇదంతా?"

"సరే మామా," అంది శ్రీదేవి. "పోతా."

ఆమె వంగి సంచి అందుకుంది. ఆమెలో కోపం లేదు, కన్నీళ్ళు లేవు. చీర మడత పెడుతూ మాట్లాడిన ఆ రోజు గొంతే అది.

"నేను బాగుండానని ఎవరు చెప్పినారు నాయనా?"

మురళికి తన గొంతే వేరే ఎవరిదో అనిపించింది.

"ఏం మాటలురా అవి, బయటి మనుషుల ముందర," అన్నాడు అనంతయ్య.

"ఇరవై ఒక్క ప్రశ్నలు అడిగినారు. అన్నిటికీ లేదు లేదు అని రాసినా. అన్నీ అబద్ధాలే. కోడి కూయకముందే లేస్తాండా. అన్నం మట్టి తిన్నట్టుండాది. ఈ పొద్దు ఈరన్న వాళ్ళమ్మ పేరు రాయలేక లేసి పోయినా, నువ్వూ చూసినావు. ఆ యమ్మదీ నాదీ ఒకటే మాదిరి ఉండాయంటివే, నిజమే నాయనా. ఇద్దరం బాగలేము."

ప్రదీప్‌కుమార్ లోటా కింద పెట్టాడు. ప్రమీలమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. భయమే ఉంది.

శ్రీదేవి సంచి చేత్తోనే పట్టుకుని భర్త వైపు చూసింది. నాలుగు నెలల్లో ఆమె అతన్ని నేరుగా చూడటం అదే మొదలు.

"ఎప్పటినించి?"

ఆమెను అందరూ అడిగిన ప్రశ్న అదే. అత్త అడిగింది, డాక్టరు అడిగాడు, కమలాపురం నుంచి ఫోన్లో అమ్మ అడిగింది. ఇప్పుడు ఆమె అడిగింది.

మురళి తండ్రి వైపు చూశాడు. అనంతయ్య తల అడ్డంగా ఊపాడు. చాలా కొంచెమే ఊపాడు. వద్దు అని ఆజ్ఞాపించేటట్టు లేదు అది. బతిమాలుతున్నట్టు ఉంది. సత్రంలో అన్నం ముద్ద పట్టుకుని నోరు తెరవమని బతిమాలింది ఆ ముఖమే.

"వద్దురా నాయనా," అంది ప్రమీలమ్మ పైకే.

"అహోబిలం పోకముందు నించి," అన్నాడు మురళి.

"మొక్కన్నారే మామా?" ప్రదీప్‌కుమార్ లేచి నిలబడ్డాడు. తప్పు చేసినవాడిలా కూర్చున్న మనిషి ఇప్పుడు లేడు. "నలభై రోజులు స్వామి సేవ చేసొచ్చినాడు, ఇట్లాంటి పిల్లోడు యాడ దొరుకుతాడని మీరే చెప్పినారు. ఆ మాట విని గదా మా నాయన తాంబూలాలు పుచ్చుకున్నాడు? పొద్దున్నుంచి నా చెల్లెలిది నటన అంటాండారే, మరి దాన్నేమంటారు?"

అనంతయ్య చేతుల్లో ఇంకా చెరొక ఫిల్ము ఉంది. వాటిని ఎక్కడ పెట్టాలో ఆయనకు తోచలేదు.

వీధిలో ఆటో వచ్చి ఆగింది. బస్టాండుకు పోవడానికి ప్రదీప్‌కుమార్ చెప్పి పెట్టిన ఆటో అది. హారన్ రెండుసార్లు మోగింది.

శ్రీదేవికి ఆ హారనూ వినబడలేదు, ప్రదీప్‌కుమార్ మాటలూ వినబడలేదు. ఆమె మురళినే చూస్తోంది. పెదవి వణకడం మొదలైంది. నాలుగు నెలలుగా ఆ ముఖం మీద ఏదీ కదలలేదు.

"దినామూ నా పక్కనే పండుకొని," అంది, "నేనొక్కదాన్నే అనుకోనిచ్చినారా నన్ను?"

మురళి ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె సంచి పట్టుకున్న చెయ్యి వెనక్కి తీసుకుంది.